సీసాలక్క కడిగిన గాజు

ఆ సోమవారం కూడా పసుపు రాలేదు.

చిట్టి గాజు గొట్టాల స్టాండును కిటికీ వెలుతురుకెత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో వరుసగా చూసుకుంటూ వచ్చింది. చిటికెనవేలంత లావున పన్నెండు గొట్టాలు. పన్నెండింట్లోనూ తేటనీళ్ళు. రంగు రావాల్సిన సమయం దాటి ఇరవై నిమిషాలైంది. స్టాండును బల్ల మీద పెట్టి, ఇంకో అయిదు నిమిషాలు చూద్దామని గోడ గడియారం వైపు తిరిగింది. ఇలా ఇంకో అయిదు నిమిషాలు చూడటం మొదలుపెట్టి పదహారు రోజులైంది.

ఆమెకి హాజరుపట్టీలో అసలు పేరు ఒకటుంది. ఆరేళ్ళ కిందట చేరిన మొదటి వారంలో వాళ్ళక్క ఏకంగా ల్యాబ్ నంబరుకే ఫోన్ చేసి, మా చిట్టి అన్నం డబ్బా మరిచిపోయి వచ్చింది, కాస్త చెబుతారా అని అడిగింది. ఆ దెబ్బతో అసలు పేరు హాజరుపట్టీలోనే ఉండిపోయింది. ముప్ఫయ్యో ఏడు మీదికొస్తున్నా అందరికీ ఆమె చిట్టే.

ఆమె చదువంతా ఒకే ఒక ప్రోటీను మీద. ఉప్పునీటి మడుగుల అడుగున, వెలుతురు సోకని బురదలో బతికే ఒక సూక్ష్మజీవి కడుపులోంచి తీసింది దాన్ని. మూడువందల నలభై పూసల దండ అది. ఆ దండ తయారైన మరుక్షణం, ఎవరూ చెప్పకుండా, ఎవరూ చెయ్యి పెట్టకుండా, తనంతట తానే మడతలు పడి, ముడుచుకుని, ఒక రూపానికి వస్తుంది. కోటి దండలుంటే కోటీ అదే రూపానికి వస్తాయి. ఆరేళ్ళైనా చిట్టికి ఆ సంగతి పాతబడలేదు. బస్సులో నిలబడి దాన్నే తలుచుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయిన రోజులున్నాయి. ముడుచుకున్నాక ఆ ప్రోటీను చేసే పని ఒక్కటే. రంగులేని ఒక మందును పట్టుకుని రెండు ముక్కలు చేస్తుంది. ముక్కల్లో ఒకటి పసుపు. గొట్టంలో పసుపు వచ్చిందంటే అది పనిలో ఉన్నట్టు. రాలేదంటే అది చచ్చినట్టు, లేకపోతే చేసినవాళ్ళకి చేతకానట్టు.

చేతకాకపోవడం మాత్రం కాదని చిట్టి నమ్మకం. ఈ జాతి ప్రోటీన్లన్నిటికీ ఏదో ఒక లోహం తోడుండాలి, లేకపోతే పని జరగదు. చిట్టి ప్రోటీనుకి ఏ తోడూ అక్కర్లేదు. రెండేళ్ళ కిందట ఆమే ఆ సంగతి కనిపెట్టింది. లోహాన్ని పట్టి లాగేసే మందు ప్రోటీనులో కలిపి, ఆ మందును మళ్ళీ కడిగేసి, శుభ్రమైన గొట్టాల్లో పోసి చూసింది. పసుపు నిక్షేపంగా వచ్చింది. తొమ్మిదిసార్లు చేసింది, తొమ్మిదిసార్లూ వచ్చింది. అప్పట్నుంచీ అలా లోహం తీసేసిన ప్రోటీనునే వాడుతోంది. పెద్ద మేడమ్ ఆ వ్యాసం అచ్చయిన రోజున అందరికీ టీ ఇప్పించింది. ఈ ల్యాబ్‌ను ముప్ఫయ్యేళ్ళుగా నడుపుతున్న మనిషి, అంతకు ముందెప్పుడూ అంత పని చేసి ఎరగదు. చిట్టి సిద్ధాంత గ్రంథంలో మొదటి అధ్యాయం అదే. మిగతా నాలుగూ దాని భుజాల మీద నిలబడ్డవే.

పోయిన నెల వేరే దేశపు ల్యాబ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మీ ప్రోటీను మా దగ్గర ఎంతకీ పనిచేయడం లేదు, మేం చేస్తున్న తప్పేమిటో దయచేసి చెప్పగలరా అని, ఎంతో మర్యాదగా. ల్యాబంతా నవ్వుకుంది. చిట్టి కూడా నవ్వింది. ఆ నవ్వు ముగిసిన వారానికే ఇక్కడ కూడా పసుపు రావడం ఆగిపోయింది.

పెద్ద మేడమ్ వెనక నుంచి ఎప్పుడొచ్చిందో, స్టాండు వైపు ఒకసారి చూసింది. చిట్టి తల దించుకుని, ప్రోటీను ఎందుకో అలిగినట్టుంది మేడమ్ అంది. నవ్వించాలనుకుంది గానీ ఆ నవ్వు తనకే రాలేదు.

"ప్రోటీన్లు అలగవు చిట్టీ. అలిగేది మనుషులే," అంది మేడమ్. "శుక్రవారం నేను ఆ ఉత్తరానికి జవాబు రాయాలి. ఏం రాయమంటావో అప్పటికి చెప్పు."

*

మంగళవారం పొద్దున చిట్టి వచ్చేసరికి గాజుసామాను కడిగే కొత్త యంత్రం ముందు పెద్ద వరుస ఉంది. వచ్చి మూడు వారాలే అయిన యంత్రం. అద్దం తలుపు, లోపల నీలం దీపం, వేడి ఆవిరి, అందులోంచి వచ్చిన సీసా కొట్లో కొన్న రోజుకంటే శుభ్రంగా ఉండేది. దాని దగ్గర నిలబడే ఓపిక లేక చిట్టి తన బల్ల కింది సొరుగు వెతికింది. అడుగున ఎప్పటివో రెండు డజన్ల గొట్టాలు దొరికాయి. ఒక్కోదాని మూతికి పాత కాగితం ముక్క టోపీలా మడిచి ఉంది.

ఆ మడత ఎవరిదో అడగక్కర్లేదు. సీసాలక్కది.

సీసాలక్క పద్దెనిమిదేళ్ళు ఈ అంతస్తు గాజంతా చేత్తో కడిగిన మనిషి. ఇప్పుడు కడగడం లేదు. ఎందుకు కడగడం లేదో చిట్టికి బాగా తెలుసు కాబట్టి, టోపీలు తీస్తున్నంతసేపూ ఇంకేదో ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టుకుంది. చూసేవాళ్ళెవరూ లేకపోయినా పెట్టుకుంది.

ప్రోటీను పోసింది. మందు పోసింది. స్టాప్‌వాచ్ నొక్కి, సీసాల మీద అంటించే చీటీలు రాసుకుంటూ కూర్చుంది. మూడో చీటీ రాస్తూ యథాలాపంగా తలెత్తింది.

గొట్టాల అడుగున పసుపు పుట్టింది.

ముందు ఉందా లేదా అన్నట్టుగా ఉంది. తర్వాత ఉంది. కిటికీలోంచి పడే ఎండ ముక్క గొట్టాల్లోకి దిగి అక్కడే ఉండిపోయినట్టు, కింది నుంచి పైకి నిండుకుంటూ వచ్చింది. పన్నెండింట్లోనూ. చిట్టి చేతిలో కలం కింద పడింది, తీసుకోలేదు. ప్రోటీను చావలేదు. పదహారు రోజులుగా కోటానుకోట్ల దండలు, ముడుచుకోవాల్సిన రూపంలోకి ముడుచుకుని, పిలుపు కోసం కూర్చుని ఉన్నాయి. ఇప్పుడెవరో పిలిచారు, సెకనుకి వెయ్యి తెంపులతో పనిలో దిగాయి. పిలిచిందెవరో ఆమెకి తెలియదు.  

నమ్మకం కుదరక, అదే ప్రోటీను, అదే మందు, యంత్రం కడిగిన గొట్టాల్లో పోసింది. తేటనీళ్ళు. మిగిలిన పాత గొట్టాల్లో కొన్నిట్లో పోసింది. పసుపు. రెండు స్టాండ్లూ పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నం డబ్బా తెరవడం కూడా మరిచిపోయింది.

పక్క ల్యాబ్ నుంచి, అందరూ కళ్ళజోడు అని పిలిచే అతను ఏదో అరువుకొచ్చి, ఆ రెండు స్టాండ్లనీ చూసి, విషయం విని, తన మందపాటి అద్దాలు పైకి తోసుకున్నాడు. లోహాల్ని కొలిచే యంత్రాన్ని నడిపే కుర్రాడు, చిట్టికంటే మూడేళ్ళు వెనక చేరాడు.

"చిట్టక్కా, నీ ప్రోటీను సీసాలక్క మీద బెంగ పెట్టుకున్నట్టుంది," అన్నాడు.

పాపం అతను మామూలుగానే అన్నాడు. చిట్టికి మాత్రం ఎక్కడో తగిలింది. నెల కిందట ఒకరోజు నాలుగు గొట్టాల్లో సబ్బునురగ కనిపిస్తే, ఆ కోపంలో కాగితం తీసుకుని ఆఫీసుకి నాలుగు వాక్యాలు రాసింది. గాజుసామాను శుభ్రత దారుణంగా ఉందనీ, ఇలా అయితే పరిశోధన సాగదనీ. ఆ వాక్యాలు ఎంత బాగా కుదిరాయో అనుకుంది కూడా. ఆఫీసువాళ్ళకి అలాంటి కాగితమే కావలసి వచ్చింది. వారం తిరక్కుండా యంత్రం వచ్చింది, సీసాలక్క చేతికి మెట్లు తుడిచే గుడ్డ వచ్చింది. ఈ నెలాఖరుకి ఆ గుడ్డ కూడా ఉండదని అందరూ చెప్పుకుంటున్నారు.

సీసాలక్క మూడో అంతస్తు మెట్ల మీద కనిపించింది. ఒక్కో మెట్టుకీ ఒక చెయ్యి గోడకి ఆనించి, మోకాలు కదలనివ్వకుండా నడుం వంచి తుడుస్తోంది. చిట్టిని చూడగానే నడుం ఎత్తి పక్కకి తప్పుకుంది, దారి ఇస్తున్నట్టు. చిట్టి దారి కోసం రాలేదు. గొట్టాలు ఎలా కడిగేదానివో ఒకసారి చెప్పమని అడిగింది. సీసాలక్క గుడ్డ పిండుకుంటూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మూడుసార్లు సబ్బు, ఏడుసార్లు కుళాయి నీళ్ళు, వేలు పెట్టి రుద్దితే కీచుమనాలి, కీచుమంటేనే సబ్బు పోయినట్టు. తర్వాత డిస్టిల్డ్ నీళ్ళలో ఒక రాత్రంతా నానాలి. పొద్దున తీసి ఆరబెట్టి కాగితం టోపీ పెట్టాలి.

"నానబెట్టేది దేంట్లో అక్కా?"

సీసాలక్క చేతులు ఆగాయి. "ప్లాస్టిక్ తొట్టిలోనే చిట్టమ్మా. ఆఫీసు ఇచ్చిన దాంట్లోనే," అంది, మెట్టుకేసి చూస్తూ. ఆ తర్వాత ఎన్ని అడిగినా ఆ ఒక్క మాటే చెప్పింది.

*

బుధవారం కళ్ళజోడు రెండు రకాల గొట్టాల్లోనూ కాస్త ఆమ్లం పోసి తిప్పి, ఆ నీళ్ళని తన యంత్రానికి తాగించాడు. యంత్రం పది నిమిషాలు గురగురలాడి ఒక కాగితం కక్కింది. యంత్రం కడిగిన గొట్టాల్లో ఏమీ లేదు. సీసాలక్క గొట్టాల్లో జింకు ఉంది.

ఉందంటే ఎంత ఉందని. పెద్ద ఈతకొలనులో ఒక చిటికెడు ఉప్పు వేసి కలిపితే ఎంతో, అంత. అంత తక్కువని ఇంకే లోకంలోనైనా లేదనే అంటారు. కానీ ప్రోటీనుకి అది చాలు. చిట్టి కాగితం పట్టుకుని నిలబడిపోయింది. మూడువందల నలభై పూసలు ముడుచుకున్నప్పుడు మధ్యలో చిన్న గుంట ఒకటి మిగులుతుందని ఆమె ఎప్పుడో చూసింది. బొమ్మ గీసి, అది ఖాళీ గుంట, దానికేం పని లేదు అని వ్యాసంలో రాసింది. అది ఖాళీ కాదు. ఒకే ఒక్క జింకు పరమాణువు సరిగ్గా పట్టే గూడు అది. గాజు గోడని అంటుకుని ఉన్న పరమాణువు నీళ్ళలోకి జారి, ఎక్కడెక్కడో తిరిగి, ఆ గూడు వెతుక్కుని వెళ్ళి కూర్చునేది. కూర్చున్న క్షణం పని మొదలయ్యేది. మందు పోసి ఆమె లాగేసిన జింకును, ఆమె గొట్టమే మళ్ళీ తెచ్చి ప్రోటీను ఒళ్ళో పెడుతూ వచ్చింది. తొమ్మిదిసార్లు చేస్తే తొమ్మిదిసార్లూ పెట్టింది.

అంత అద్భుతం తన చేతుల్లో జరుగుతుంటే, తను ఏమీ లేదని రాసుకుంది.

దాని వెనకే రెండో సంగతి వచ్చి మీద పడింది. తోడు అక్కర్లేని ప్రోటీను అనేది లేదు. మొదటి అధ్యాయం లేదు. అచ్చయిన వ్యాసం తప్పు. ఇంకో ఏడాదో ఏడాదిన్నరో ఈ బల్ల దగ్గరే. కళ్ళజోడు ఆమె ముఖం చూసి, ఈ కాగితం సంగతి నేనెవరికీ చెప్పను, నీ ఇష్టం అన్నాడు. నీ ఇష్టం అన్న మాట ఆ సాయంత్రం దాకా ఆమె చెవిలోనే ఉంది. జింకు ఒక చుక్క తగిలించి కొత్తగా ఏదో కనిపెట్టినట్టు రాసుకోవచ్చు. పాత వ్యాసం జోలికి ఎవరొస్తారు. అలా రాసుకున్నవాళ్ళు లోకంలో లేరా.

ఇంటి కింద బావ కొట్టు. రేకు పెట్టెలూ నీళ్ళ ట్యాంకులూ చేస్తాడు, చిల్లులు పడ్డవాటికి మాట్లు వేస్తాడు. చిట్టి మెట్లెక్కకుండా అక్కడే బోర్లించిన డ్రమ్ము మీద కూలబడింది. అక్క పైనుంచి కేకేసి, వచ్చిందా మీ మరదలు అని అడిగింది. వచ్చింది గానీ సగమే వచ్చింది, మిగతా సగం ఆఫీసులో మరిచిపోయినట్టుంది అని బావ జవాబిచ్చాడు. అంటూనే చేతిలోని కొత్త రేకు మీద సుత్తి ఆపి, ఏమైందని కళ్ళతోనే అడిగాడు.

చిట్టి చెప్పింది. నీళ్ళలో జింకు లేదు, సబ్బులో లేదు, గాజులో లేదు, ప్లాస్టిక్ తొట్టిలో ఉండే అవకాశమే లేదు, మరి ఎక్కడినుంచి వచ్చిందో ఆరేళ్ళ చదువుకి అంతుచిక్కడం లేదు అంది.

బావ ఆ రేకును ఎండకేసి వంచాడు. మంచు గీతల్లాంటి మెరుపు దాని మీద పాకింది.

"ఇదేంటనుకుంటున్నావు మరదలా? తుప్పు పట్టకుండా పూసే పూత. జింకే కదా. ఆ మూల ఉన్న బకెట్లన్నీ అదే," అన్నాడు.

జింకు గురించి ఆమె చదివిన వ్యాసాలు నాలుగువందలకి తక్కువుండవు. ఒక్కదాంట్లోనూ బకెట్టు లేదు. చిట్టి లేచి ఆ మూలకి వెళ్ళి, ఒక బకెట్టు అంచు మీద వేలు పెట్టి రాసి చూసుకుంది. బావ ఏదో వేళాకోళం చేయబోయి, ఆమె కళ్ళు చూసి మానుకున్నాడు.

*

గురువారం పొద్దున ఆమె ల్యాబ్‌కి వెళ్ళకుండా సరాసరి మెట్ల కింది గదికి వెళ్ళింది. చీపుళ్ళూ గుడ్డలూ పెట్టుకునే గది, తలుపు పొట్టిది. సీసాలక్క తిరగేసిన పెట్టె మీద కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. లేవబోతే చిట్టి వద్దని, తనూ గడప మీద కూర్చుంది. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ అక్కడికి వచ్చేసరికి పోయాయి.

"ఆఫీసుకి ఆ కాగితం రాసింది నేనే అక్కా," అంది.

"తెలుసు," అంది సీసాలక్క. నూనె సీసా మూత బిగించింది. "మీ రాత నాకు తెలీదా చిట్టమ్మా. ఆరేళ్ళనుంచీ మీ సీసాల మీది చీటీలు ఊడదీసింది నేనేగా."

చిట్టికి తల కొట్టేసినట్టయింది. సీసాలక్క ఏమీ దెప్పలేదు. ఆ రోజు తన చేతికి కట్టు ఉందని మాత్రం చెప్పింది. సింకులో ఎవరో పగిలిన ఫ్లాస్కు వదిలేస్తే, చూసుకోక చెయ్యి పెట్టింది. కట్టు మీద రెండు తొడుగులు వేసుకుంది. తొడుగులుంటే వేలికి కీచుమనడం తెలియదు. అందుకని కళ్ళతో చూసి వదిలేసింది, అదే తప్పయిపోయింది. నురగ ఉన్నమాట నిజమేగా అంది, చిట్టినే ఓదారుస్తున్నట్టు. ఈ కట్టు సంగతి ఆ రోజే అడిగి ఉంటే అర నిమిషం పట్టేది. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి చిట్టికి అరగంట పట్టింది.

తర్వాత చిట్టి గొట్టాల కథంతా చెప్పింది. యంత్రం కడిగితే ప్రోటీను పలకడం లేదనీ, నువ్వు కడిగితేనే పలుకుతోందనీ, నీ నానబెట్టే తొట్టిలో ఏదో ఉందనీ. నిన్ను పట్టించడానికి రాలేదు అక్కా అని రెండుసార్లు అంది. సీసాలక్క చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, గుడ్డల మూట తప్పించి, బకెట్టు ముందుకి జరిపింది.

పాత రేకు బకెట్టు. పిడికి గుడ్డ చుట్టి ఉంది. అడుగు మాత్రం లోపల తెల్లగా, సుద్ద పూసినట్టుగా ఉంది.

నాలుగేళ్ళ కిందట ప్లాస్టిక్ తొట్టి పగిలింది. ఇంకోటి కావాలని మూడుసార్లు చీటీ రాసిచ్చింది, ఎవరూ సంతకం పెట్టలేదు. నానబెట్టకపోతే గాజు మురికి వదలదు. పని ఆగకూడదని ఇంటినుంచి తన బకెట్టు తెచ్చుకుంది. ఆఫీసు ఇవ్వని సామాను వాడితే తీసేస్తారని విని, పెద్ద మేడమ్ అటు వచ్చినప్పుడల్లా దాన్ని సింకు కిందికి తోసేది. ఇప్పుడు అదే పెట్టుకుని మెట్లు తుడుస్తోంది.

చిట్టి అడిగి బకెట్టు తీసుకుని, కడిగి, డిస్టిల్డ్ నీళ్ళు పోసి రెండు గంటలు ఉంచింది. ఎంత శుద్ధమైన నీళ్ళయితే అంత ఆకలిగా ఉంటాయి, ఏది దొరికితే దాన్ని కరిగించుకుంటాయి. ఆ నీళ్ళలోంచి ఒకే ఒక్క చుక్క, పనిచేయని గొట్టంలో వేసింది. నిమిషం తిరక్కుండా పసుపు. ఇంకో గొట్టంలో అలమార సీసాలోని జింకు లవణం చుక్క వేసింది. పసుపు. మూడో గొట్టంలో ఉత్త నీళ్ళ చుక్క. తేటగానే ఉంది. చిట్టి ఆ మూడు గొట్టాల్నీ చేతిలోనే పట్టుకుని పెద్ద మేడమ్ గదికి నడిచింది. నీ ఇష్టం అన్న మాట తలుపు దాకా వెంట వచ్చింది, లోపలికి రాలేదు.

మేడమ్ అంతా విని, గొట్టాల్ని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూసింది. పసుపు ఉన్నదాన్ని చాలాసేపు దించలేదు. ఇంకో ఏడాదిలో ఆమె రిటైరవుతుంది. ఆ వ్యాసం తన చివరి మంచి పని అనుకుంటోందని ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

"ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను," అంది చివరికి, నెమ్మదిగా. "ఒక్క పరమాణువు కోసం అది ఇంత గూడు కట్టుకుని కూర్చుంటే, మనం దాన్ని ఖాళీ అన్నాం."

గొట్టం స్టాండులో పెట్టి, కాగితం ముందుకు లాక్కుంది. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని రాయాలి, కారణం కూడా రాయాలి అంటూ ఒక వాక్యం రాసి చిట్టి వైపు తిప్పింది. గాజుసామాను శుభ్రపరిచే సిబ్బంది నిబంధనలకు విరుద్ధమైన పాత్ర వాడినందువల్ల ఈ పొరపాటు జరిగినది. చిట్టి చదివింది. ఆ వాక్యం కూడా చాలా బాగా కుదిరింది. అచ్చం తను నెల కిందట రాసిన వాక్యాల్లాగే ఉంది. ఆఫీసువాళ్ళ కంట పడితే నెలాఖరు దాకా కూడా ఆగరు.

"దీని కింద నేను సంతకం పెట్టలేను మేడమ్," అంది.  "గొట్టం ఎలా కడిగారో అడక్కుండా తోడు అక్కర్లేదని రాసింది నేను. ఆవిడ తొట్టి కావాలని మూడుసార్లు చీటీ రాసింది. ఎవరూ సంతకం పెట్టలేదు."

 ఎవరి సంతకం కావాలో మేడమ్‌కి తెలుసు. లేచి గోడ పక్క అలమార తీసి, అడుగున దుమ్ము పట్టిన ఒక ఫైలు తెచ్చుకుంది. తర్వాత చూద్దాం అనుకున్నవన్నీ పడేసే ఫైలు అది. ఒక్కో కాగితం తిప్పుతూ పోయింది. సగంలో ఒక చీటీ దొరికింది, ఇంకొంచెం లోపల ఇంకోటి, అట్టడుగున మూడోది. వంకర అక్షరాలు, ఒకే వాక్యం. గొట్టాలు నానబెట్టుటకు తొట్టి ఇప్పించగలరు. మూడింటినీ బల్ల మీద పరిచి, కళ్ళద్దాలు తీసి, చేతి వెనకతో కళ్ళు రుద్దుకుంది. ఆ తర్వాత తను రాసిన వాక్యాన్ని రెండు గీతలతో కొట్టేసి, కలం చిట్టి చేతిలో పెట్టింది. నువ్వు రాయి, నేను సంతకం పెడతాను అంది.

*

శుక్రవారం ఉత్తరం వెళ్ళింది. గొట్టాలు ఎలా శుభ్రమవుతున్నాయో మేం ఎన్నడూ తెలుసుకోలేదనీ, ఆ అలక్ష్యం మాదేననీ, మీరు ఏ తప్పూ చేయలేదనీ, ఒక్క చుక్క జింకు వేసి చూడమనీ. ఆఫీసుకి వేరే కాగితం మేడమ్ తన చేత్తో రాసింది. ఈ ల్యాబ్ గాజు ఈ మనిషే కడగాలని అందులో ఉంది. వాళ్ళు ఒప్పుకుంటారా అని చిట్టి అడిగితే, ఒప్పుకునేదాకా నేను ఆ కుర్చీ ముందునుంచి లేవను, నాకు వేరే పనేముంది ఇప్పుడు అంది మేడమ్. మధ్యాహ్నానికల్లా ఒప్పుకున్నారు.

సీసాలక్కని మేడమే స్వయంగా మెట్ల దగ్గరకి వెళ్ళి పిలుచుకొచ్చింది. చిట్టి తన స్టూలు లాగి వేసింది. సీసాలక్క కూర్చోడానికి మొహమాటపడి, అంచు మీద కూర్చుంది. పద్దెనిమిదేళ్ళలో ఆమె ఈ బల్ల దగ్గర కూర్చోవడం ఇదే మొదలు. ఈ గదిలోకి ఆమె ఎప్పుడూ సాయంత్రాలే వచ్చేది, పనులైపోయి, గొట్టాలన్నీ సింకులో పడున్నాక.

చిట్టి యంత్రం కడిగిన గొట్టం తీసి ప్రోటీను పోసింది, మందు పోసింది. చూడు అక్కా, ఇప్పుడేమీ లేదు అంది. సీసాలక్క లేదని తలూపింది. చిట్టి బకెట్టు నీళ్ళ చుక్క ఒకటి ఆమె చేతే వేయించింది. ఆ చెయ్యి ఎన్ని వేల గొట్టాల్ని పట్టుకుందో గానీ, నిండుగా ఉన్న గొట్టాన్ని ఎప్పుడూ పట్టుకోలేదు. 

చుక్క దిగింది. కాసేపు ఏమీ లేదు. మేడమ్ కూడా ఊపిరి బిగబట్టింది, ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్న మనిషి. ఆ తర్వాత అడుగున ఒక వెలుగు పొర కదిలింది. పసుపు పుట్టి, చిక్కబడి, నిదానంగా పైకి ఎక్కింది. అది గొట్టం నిండేదాకా సీసాలక్క రెప్ప వేయలేదు.

"ఇదా," అంది. గొట్టాన్ని కిటికీ వైపు తిప్పి చూసి మళ్ళీ అంది. "నా దగ్గరికి వచ్చేసరికి ఇది ఎండిపోయి అడుక్కి అంటుకుని ఉండేది. ఎంత తోమినా వదిలేది కాదు. వేడినీళ్ళు పోసి గీకేదాన్ని. ఇన్నేళ్ళూ మురికనుకున్నాను చిట్టమ్మా."

 చిట్టి గొట్టాన్ని ఆమె చేతిలోంచి అందుకుని, పని అయిపోయింది కదా అని అలవాటుగా సింకు వైపు తిరిగింది.

సీసాలక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"ఇవాళ్టికి ఉండనివ్వండి," అంది. "రేపొచ్చి కడుగుతాను."